పేజీ తిప్పే చెయ్యి పిలకాయలదే కావాలి

"టీవీలో చూసిన కతే కదా, మళ్ళీ పుస్తకం ఎందుకు?" రేణిగుంటలోనే కాదు, పిలకాయలున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఇది. పుస్తకాల కొట్లో ఛోటా భీమ్ బొమ్మ కనిపించి బిడ్డ చెయ్యి చాచగానే నాయనకు వచ్చే అనుమానం అది. అమ్మకు వచ్చే అనుమానం ఇంకొకటి: సినిమా బొమ్మలేసిన ఈ పుస్తకం నిజంగా చదివించేదేనా, లేక పెన్సిలు డబ్బా, టిఫిన్ డబ్బా లాంటి మరో సరుకా?

రెండూ న్యాయమైన అనుమానాలే. అయితే తొందరపడి కొనొద్దనీ అనకండి, అడిగిందల్లా కొనీ ఇవ్వకండి. సినిమాల నుంచి, టీవీ కార్యక్రమాల నుంచి వచ్చిన బొమ్మల పుస్తకాల్లో బిడ్డకు చదువు మీద ఇష్టం పుట్టించేవి ఉన్నాయి. అట్ట మీది బొమ్మ చూశాక లోపల చూడటానికి ఏమీ మిగలనివీ ఉన్నాయి. ఏది ఏదో పోల్చుకోవడం, తెచ్చాక బిడ్డతో కూర్చుని ఎలా చదవాలో తెలుసుకోవడం మన పని.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలినవన్నీ సులువవుతాయి. సినిమా తన వేగంతో తాను నడుస్తుంది. 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడై పెళ్ళివారి వంటకాలన్నీ ఆరగించే ఘట్టం ఎంత ముచ్చటగా ఉన్నా, కాసేపటికి దాటిపోతుంది. బిడ్డ ఇంకా ఆ లడ్ల దగ్గరే ఉండగా కత ముందుకు పోతుంది. పుస్తకంలో అలా కాదు. లడ్ల పళ్ళెం దగ్గర ఎంతసేపు ఆగాలో బిడ్డే తేల్చుకుంటుంది. వేలితో ఒక్కో లడ్డూ లెక్కబెట్టుకుంటుంది. నచ్చితే వెనక్కి పోతుంది, భయమేస్తే పేజీ మూసేస్తుంది.

ఫోన్లో కూడా ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు కదా అంటారేమో. తిప్పుకోవచ్చు. కానీ ఆపిన తెర వెనక తర్వాతి కదలిక అప్పటికే తయారై ఉంటుంది. బొమ్మల పుస్తకంలో ఈ బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య జరిగిందంతా బిడ్డ మనసులోనే జరగాలి. లడ్డూ పళ్ళెంలోంచి నోట్లోకి ఎలా పోయిందో బిడ్డే ఊహించుకోవాలి. చదువుకు అసలు పునాది ఆ ఊహే. ఏ పుస్తకం కొనాలి, ఎలా చదవాలి అన్న ప్రశ్నలు రెండూ చివరికి అక్కడికే వస్తాయి: ఈ పుస్తకం బిడ్డకు ఊహించుకోవడానికి ఏమైనా మిగులుస్తుందా?

సినిమా కత పుస్తకానికి పరాయిది కాదు

సినిమా కత పుస్తకంలోకి రావడం చిన్నతనమేమీ కాదు. మన తెలుగులో ఈ రెండూ ఒకే ఇంట్లో పెరిగాయి. 1947 జూలైలో 'చందమామ' మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే విజయా సంస్థ పెట్టి 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. ఆ రెండు సినిమాలకూ దర్శకుడైన కె.వి. రెడ్డిది తాడిపత్రి. తాడిపత్రి, కడప మీదుగా మద్రాసుకు పోయే రైలు మన రేణిగుంట జంక్షన్ దాటే పోతుంది. సీమ మనుషుల కతల ఇష్టం ఈ పట్టాల మీదుగానే మద్రాసు స్టూడియోలకు చేరి, అక్కడి నుంచి సినిమాగా ఒక దారిన, నెలనెలా పిల్లల పత్రికగా ఇంకో దారిన మన ఇళ్ళకు తిరిగొచ్చింది.

'పాతాళ భైరవి' కూడా గాలిలోంచి పుట్టిన కత కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీ మజిలీ కథలు' దానికి ఒక ఆధారం. పుస్తకంలోని కత తెరకెక్కింది. ఆ రోజుల్లోనే తెర మీది కతలను మళ్ళీ పుస్తకాలుగా అచ్చువేసే అలవాటూ ఉండేది. వాటిని వెండితెర నవలలు అనేవారు. ముళ్ళపూడి వెంకటరమణ లాంటి రచయిత కూడా అవి రాశారు. పెద్దవాళ్ళకు అప్పుడు వెండితెర నవల ఎలాగో, పిలకాయలకు ఇప్పుడు సినిమా బొమ్మల పుస్తకం అలాగ.

ఇంకా పక్కకు చూస్తే, రేణిగుంట నుంచి దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలో శ్రీకాళహస్తి. అక్కడి కలంకారీ పనివాళ్ళు వెదురు కలంతో గుడ్డ మీద రామాయణం మొత్తం గీస్తారు. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా చిన్న ఘట్టాలు, వాటి కింద తెలుగు అక్షరాల్లో కత. సినిమా పుట్టకముందు నుంచీ ఈ ప్రాంతం పిలకాయలు బొమ్మ చూస్తూ, కింది అక్షరం చదివించుకుంటూ కత విన్నవాళ్ళే. వీలైతే ఒకసారి తీసుకుపోయి చూపించండి. పెద్ద కతలోంచి ఏ ఘట్టాలు తీసుకోవాలి, ఏవి వదలాలి అన్న తెలివి ఆ గుడ్డ మీద కనిపిస్తుంది. మంచి బొమ్మల పుస్తకానికి కావలసిన తెలివీ అదే.

కొనేముందు రెండు నిమిషాలు

ఈ పుస్తకాల్లో మూడు రకాలు ఉంటాయి. మొదటిది, సినిమాలోని ఫోటోలనో కార్టూన్ బొమ్మలనో కత్తిరించి, కింద మాటలు అతికించినవి. రెండోది, అదే కతను చిత్రకారుడు కొత్తగా గీసి, రచయిత కొత్తగా చెప్పినవి. మూడోది, రంగులు వేసేవి, స్టిక్కర్లు అంటించేవి. మూడోదాన్ని ఆటవస్తువుగా కొనండి, తప్పులేదు. కానీ పుస్తకం కొన్నామని తృప్తిపడి ఊరుకోకండి.

మొదటి రకమంతా చెడ్డదనీ అనలేం. ఫ్రాన్సులో ఆల్బేర్ లామొరీస్ 1956లో 'ఎర్ర బెలూన్' అనే చిన్న సినిమా తీశాడు. ముప్ఫై నాలుగు నిమిషాల ఆ సినిమాలో మాటలు దాదాపు లేవు. ఒక పిల్లవాడు, వాడి వెంట పారిస్ వీధుల్లో తిరిగే బెలూను, అంతే కత. ఆ సినిమా ఫోటోలతోనే వేసిన పుస్తకం దేశదేశాల పిల్లలు చదివారు. ఒక్కో ఫోటో ముందు ఆగి చూసేంత ఉంది కాబట్టే అది నిలబడింది. కాబట్టి గీసిందా, ఫోటోనా అన్నది కాదు, ఆగి చూడటానికి ఏమైనా ఉందా అన్నదే లెక్క.

కొట్లో నిలబడే ఈ మూడు పరీక్షలు చేయవచ్చు.

నడిమి పేజీ తెరిచి, అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టండి. బొమ్మ ఒక్కటే చూసి ఏదో జరుగుతోందని బిడ్డ చెప్పగలగాలి. అందరూ వరసగా నిలబడి మన వైపు చూసి నవ్వే బొమ్మలే పుస్తకమంతా ఉంటే అది పోస్టరు, కత కాదు.

తర్వాత బొమ్మ మూసి, వాక్యాలు పైకి చదవండి. సినిమా చూడని అవ్వకు ఆ వాక్యాలతో కత అర్థమవుతుందా? "అప్పుడు వాళ్ళు పోరాడారు, తర్వాత గెలిచారు" అన్నంత మాత్రమే ఉంటే ఆ పుస్తకం సినిమా చూసినవాళ్ళ జ్ఞాపకం మీద బతుకుతోందని అర్థం. మంచి పుస్తకం సినిమా చూడనివాళ్ళకు కూడా కత చెబుతుంది.

చివరగా, చెడ్డవాళ్ళను ఎలా గీశారో చూడండి. నల్లగా, లావుగా ఉంటే రాక్షసుడు, తెల్లగా ఉంటే దేవుడు అన్న లెక్క పాత సినిమాల నుంచి చాలా పుస్తకాల్లోకి అలాగే వచ్చేసింది. నల్లటి బిడ్డ ఆ పేజీ చూసి తన గురించి ఏమనుకుంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. ఈ విషయంలో 'మాయాబజార్' మనకు మంచి మార్గం చూపించింది. ఘటోత్కచుడు రాక్షసుడే, కానీ తల్లి మాట వినే కొడుకు, తమ్ముడి కోసం నిలబడే అన్న. పిలకాయలు భయపడని, ప్రేమించే రాక్షసుడు.

ఛోటా భీమ్ సంగతి కూడా ఇలాగే తూచండి. 2008లో పోగో ఛానల్లో మొదలైన ఆ బొమ్మను తయారుచేసింది మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్, రాజీవ్ చిలక సంస్థ. దాని కామిక్కులూ వచ్చాయి. భీమ్ కావాలని అడిగే బిడ్డను కసరకండి. భీమ్ పుస్తకం ఒకటి కొన్నప్పుడు, అసలు భారతంలోని భీముడి కత ఇంకొకటి పక్కన పెట్టండి. లడ్లు తినే పిల్లవాడు బకాసురుడి దగ్గరికి బండెడు అన్నం తీసుకుపోయిన వీరుడయ్యాడని తెలిస్తే, బిడ్డ తనంతట తానే పెద్ద కతలోకి నడుస్తుంది.

ముందు సినిమానా, ముందు పుస్తకమా?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. నాలుగేళ్ళ లోపు బిడ్డలకు పుస్తకమే ముందు. రెండు మూడేళ్ళ బిడ్డకు కతకంటే బొమ్మలోని వస్తువులు ముఖ్యం. ఆవు ఎక్కడ, చందమామ ఎక్కడ, లడ్డూ ఎక్కడ అని వేలితో చూపించడమే వాళ్ళ చదువు. మందమైన అట్టపేజీలుండి, పేజీకి ఒక బొమ్మ, ఒక వాక్యం ఉన్నవి చాలు.

నాలుగు నుంచి ఆరేళ్ళ వయసులో సినిమా చూసిన తర్వాత పుస్తకం ఇవ్వడం బాగా పనిచేస్తుంది. కత ముందే తెలుసు కాబట్టి అక్షరాల భయం తగ్గుతుంది. తర్వాత ఏమొస్తుందో తెలిసిన బిడ్డ, ఆ మాట పేజీ మీద ఎక్కడుందో వెతుక్కుంటుంది. చదవడం రాని బిడ్డ చదివినట్టు నటిస్తే ఆపకండి, తప్పులు దిద్దకండి. చదవడం నేర్చుకునే దారిలో అదొక మెట్టు.

ఏడేళ్ళు దాటాక రెండింటినీ పక్కపక్కన పెట్టవచ్చు. "సినిమాలో ఉండి పుస్తకంలో లేనిదేంటి? పుస్తకంలో ఉండి సినిమాలో లేనిదేంటి?" అని అడగండి. పెద్ద పిలకాయలకు మాల్గుడి కతలు ఇందుకు చక్కగా సరిపోతాయి. ఆర్.కె. నారాయణ్ రాసిన కతలను శంకర్ నాగ్ 1986లో దూరదర్శన్ ధారావాహికగా తీశారు, దానికి నారాయణ్ తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు గీశారు. చూసింది, చదివింది, గీసింది మూడూ ఒకేచోట దొరికే కత అది.

సత్యజిత్ రాయ్ 1969లో తీసిన 'గూపీ గాయిన్ బాఘా బాయిన్'ది కూడా ఇలాంటి దారే. అది ఆయన తాత ఉపేంద్రకిశోర్ 1915లో 'సందేశ్' పిల్లల పత్రికలో రాసిన కత. తాత రాసింది మనవడు సినిమాగా తీశాడు. అలాంటి సినిమా చూసిన బిడ్డ చేతిలో మూలకత పెట్టడం పెద్దవాళ్ళు ఇవ్వగలిగిన మంచి కానుక.

అడిగిందే మళ్ళీ మళ్ళీ చదవమంటే విసుక్కోకండి. ఒకే పుస్తకం రోజూ కావాలంటే, బిడ్డ అందులో ఇంకా ఏదో వెతుక్కుంటోందని అర్థం.

కన్ను పెకలించే ఘట్టం వచ్చినప్పుడు

మన ప్రాంతం పిలకాయలకు కన్నప్ప కత తప్పదు. శ్రీకాళహస్తికి పోయిన ప్రతిసారీ వింటారు. 1976లో బాపు 'భక్త కన్నప్ప' తీశారు. బొమ్మలు గీసే చెయ్యే సినిమా తీసింది కాబట్టి ఆయన సినిమాల్లో చాలా దృశ్యాలు బొమ్మల్లాగే నిలుస్తాయి. 2025లో మరో 'కన్నప్ప' సినిమా వచ్చింది. కతలో కన్నప్ప శివలింగం కంటి నుంచి రక్తం కారడం చూసి తన కన్ను పెకలించి పెడతాడు, రెండో కంటి చోటు గుర్తుండాలని కాలు ఆనిస్తాడు. పెద్దవాళ్ళకు చేతులు జోడించాలనిపించే ఘట్టం. అయిదేళ్ళ బిడ్డకు రాత్రి నిద్ర పట్టనివ్వని ఘట్టం కూడా.

ఇలాంటి చోట పుస్తకం మనకు చేసే మేలు పెద్దది. థియేటరులో చీకట్లో అంత పెద్ద తెర మీద రక్తం చూసినప్పుడు బిడ్డకు తప్పించుకునే దారి లేదు. పుస్తకంలో ఆ పేజీ వచ్చేముందు మనం ఆగవచ్చు. "ఇప్పుడొక కష్టమైన చోటు వస్తుంది. చూద్దామా, దాటి పోదామా?" అని అడగండి. దాటిపోదామంటే దాటండి. ఇంకో ఏడాదికి తానే ఆ పేజీ తెరుస్తుంది. చూద్దామంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదవండి.

కతను అబద్ధం చేయవద్దు. కన్ను పెకలించలేదని చెబితే రేపు ఇంకెవరో చెబుతారు, మీ మాట మీద నమ్మకం పోతుంది. అలాగని నెత్తురు గురించి వర్ణించి చెప్పనూ వద్దు. "స్వామికి నొప్పి అనుకున్నాడు, తనది ఇచ్చేశాడు, శివుడు ఆపి చూపు తిరిగిచ్చాడు" అన్నది బిడ్డకు చాలు. ఆ వయసు బిడ్డలు చూసింది చేసి చూపించాలనుకుంటారు కాబట్టి, "ఇది కతలో మాట, మనం మన కళ్ళను జాగ్రత్తగా చూసుకోవాలి" అని ఒక్క మాట నెమ్మదిగా చెప్పండి. శ్రీకాళహస్తి పేరులోనే ఇంకా చిన్న బిడ్డలకు సరిపోయే కత ఉంది: శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడేళ్ళ వయసులో ఆ ముగ్గురితో మొదలుపెట్టి, కన్నప్పను తర్వాతకు ఉంచవచ్చు.

'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడి కోపం, 'లవకుశ'లో సీతమ్మ భూమిలోకి పోవడం కూడా ఇలాంటివే. "అమ్మ ఎందుకు పోయింది, మళ్ళీ వస్తుందా?" అని బిడ్డ అడిగితే, ఆ ప్రశ్న సీత గురించే కాకపోవచ్చు. మీరు పక్కనే ఉన్నారని, ఎక్కడికీ పోరని చెప్పి ఆ తర్వాత కతలోకి వెళ్ళండి.

మీ మాటలోనే చదవండి

ఈ పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో దొరుకుతాయి. తెలుగులో ఉన్నవి కూడా కొన్ని, ఎవరూ ఇంట్లో మాట్లాడని తెలుగులో ఉంటాయి. పేజీలో ఏముందో అదే చదవాలన్న నియమమేమీ లేదు. బొమ్మ చూపిస్తూ మీ ఇంటి మాటలో చెప్పండి. "యాడికి పోతా ఉండాడు ఈయప్ప?" అని అవ్వ అడిగితే బిడ్డకు కత తన ఊళ్ళో జరుగుతున్నట్టు ఉంటుంది. ఈ యాసలో ఎంత అందంగా కత చెప్పవచ్చో నామిని సుబ్రమణ్యం నాయుడు 'సినబ్బ కతలు'లో చూపించారు. చదువు రాదని సంకోచించే అవ్వాతాతలకు కూడా బొమ్మల పుస్తకం ఇవ్వండి. బొమ్మ చూసి కత చెప్పడానికి అక్షరం రానక్కర్లేదు.

చదివాక పరీక్ష పెట్టకండి. "ఇందులో నీతి ఏంటి?" అనే ప్రశ్న కతను హోంవర్కు చేసేస్తుంది. దాని బదులు "నువ్వైతే ఏం చేసుంటావు?", "ఈ పేజీకీ ఆ పేజీకీ మధ్య ఏం జరిగుంటుంది?" అని అడగండి. బదులు రాకపోతే ఊరుకోండి. మీ బదులు మీరు చెప్పండి.

ఇందుకు మంచి ఉదాహరణ అమెరికా నుంచి. 1969లో అక్కడ 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల టీవీ కార్యక్రమం మొదలైంది. అందులోని గ్రోవర్ అనే నీలిరంగు బొమ్మతో జాన్ స్టోన్ 1971లో ఒక చిన్న పుస్తకం రాశాడు. పుస్తకం చివర ఒక భూతం ఉందని గ్రోవర్ భయపడతాడు, పేజీ తిప్పొద్దని బిడ్డను బతిమాలతాడు, పేజీలు కట్టేస్తాడు, గోడ కడతాడు. బిడ్డ తిప్పుతూనే ఉంటుంది. చివరికి ఆ భూతం గ్రోవరే. టీవీలోంచి వచ్చినా టీవీ చేయలేని పని చేసింది ఆ పుస్తకం. పేజీ తిప్పడాన్నే కతగా మార్చింది. బొమ్మ టీవీది, బలం బిడ్డ చేతిది.

దొరక్కపోతే ఇంట్లోనే చేయండి

మీ బిడ్డకు ఇష్టమైన పాత సినిమాకు తెలుగు బొమ్మల పుస్తకం దొరక్కపోవచ్చు. దొరికినా ధర ఎక్కువ కావచ్చు. బాధపడక్కర్లేదు. రెండు తెల్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి సగానికి మడిచి, మడత మీద దారంతో కుట్టండి. ఎనిమిది పేజీల పుస్తకం తయారు. మొదటి పేజీ అట్ట, చివరిది వెనక అట్ట. మిగిలిన ఆరు పేజీల్లోకి 'మాయాబజార్' అంతా ఎక్కించాలి. ఏ ఆరు ఘట్టాలో బిడ్డనే ఎంచుకోనివ్వండి. శశిరేఖ పెళ్ళి వదిలేసి లడ్లకే మూడు పేజీలు ఇస్తే ఇవ్వనివ్వండి. బొమ్మ బిడ్డ గీస్తుంది, బిడ్డ చెప్పిన మాట మీరు కింద రాస్తారు. అన్నది అన్నట్టే రాయండి, వ్యాకరణం దిద్దకండి. తన నోటి మాట అక్షరమై కనిపించినప్పుడు చదువంటే ఏంటో బిడ్డకు తెలుస్తుంది.

కొనదలచుకుంటే తెలుగులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు ఉన్నారు. హైదరాబాదు వైపు 'మంచి పుస్తకం' అనే సంస్థ, చెన్నైలో తూలిక, దేశమంతటా నేషనల్ బుక్ ట్రస్టు తక్కువ ధరకు మంచి బొమ్మల పుస్తకాలు తెచ్చాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్లో తెలుగు కతలు ఉచితంగా దొరుకుతాయి. అవి తెర మీద చూపించే బదులు కొన్ని పేజీలు జిరాక్సు తీయించి కుట్టి ఇవ్వండి. ఇవి సినిమా పుస్తకాలు కావు. సినిమా బొమ్మతో దగ్గరైన బిడ్డను వీటి దగ్గరికి తీసుకుపోవడమే మన ఉద్దేశం. మొదట రెండు సినిమా పుస్తకాలకు ఒక వేరే పుస్తకం, కొన్నాళ్ళకు ఒకటికి ఒకటి. అలా మెల్లగా మారుస్తూ పోతే బిడ్డకు బలవంతం అనిపించదు.

పుస్తకం పనిచేసిందో లేదో మార్కుల్లో చూడకండి. ఎప్పుడో ఒకరోజు మీ బిడ్డ అదే కతను పక్కింటి స్నేహితుడికి చెబుతుంది. అందులో ఘటోత్కచుడు రైలెక్కి రేణిగుంటకు రావచ్చు, కన్నప్ప కళ్ళకు కట్టు కట్టించుకుని ఇంటికి పోవచ్చు. "సినిమాలో అట్ల లేదు కదమ్మా" అని దిద్దకండి. చివరిదాకా వినండి, తర్వాత ఏమైందో అడగండి. చూసిన కత బిడ్డ సొంత కతగా మారిందన్నమాట. ఆ మార్పు కోసమే కదా పుస్తకం కొన్నది.